హైస్పీడ్ రైలు బుల్లి మోడల్ కొంటున్నారా? ముందు మీ బల్ల కొలవండి

ఆవిరి ఇంజన్ మోడల్ కొనేవాళ్లు ఇంజన్‌ని చూసి కొంటారు. వెనక రెండు పెట్టెలు తగిలించినా, ఇరవై తగిలించినా దాని అందం దానిదే. జపాన్ షింకాన్‌సెన్, జర్మనీ ఐసీఈ, ఫ్రాన్స్ టీజీవీ లాంటి ఈ కాలపు ప్రయాణికుల రైళ్ల సంగతి వేరు. ఈ ముక్కు నుంచి ఆ ముక్కు దాకా ఒకటే ఒళ్లు. మధ్యలో నాలుగు పెట్టెలు తీసేస్తే మిగిలేది తెగిన రైలులాగే కనిపిస్తుంది. అందుకే ఈ మోడళ్లను ఎంచుకునేటప్పుడు ఒక్క పెట్టెను చేతిలోకి తీసుకుని తీర్పు చెప్పడం సరిపోదు. రైలు మొత్తాన్నీ ఒకటిగా చూడాలి.

నా మాట ముందే చెప్పేస్తాను. స్కేలు అంటే నిజం రైలులో మోడల్ ఎన్నో వంతు అనే కొలత; మీకున్న చోటులో ఏ స్కేలులో రైలు పూర్తి పొడవున పడుతుందో ఆ స్కేలే మీది. పెద్ద స్కేలులో సగం రైలు కన్నా చిన్న స్కేలులో నిండు రైలు ఎప్పుడూ మేలు. చాలామంది దీనికి ఒప్పుకోరు, హెచ్‌ఓ అనే పెద్ద స్కేలులో ఉన్న పనితనం ఎన్ అనే చిన్న స్కేలులో ఎక్కడిదంటారు. పనితనం నిజమే. కానీ నాలుగు పెట్టెల ఐసీఈ బల్ల మీద తిరుగుతుంటే కంటికి పనితనం కన్నా ముందు ఆ కురచదనమే ఆనుతుంది.

పొడవు లెక్క

నిజం రైలు పొడవుని స్కేలు అంకెతో భాగిస్తే మోడల్ పొడవు వచ్చేస్తుంది. ఎనిమిది పెట్టెల ఐసీఈ 3 సుమారు 200 మీటర్లు ఉంటుంది. 1:87 హెచ్‌ఓలో అది 2.3 మీటర్లు. 1:120 టీటీలో 1.67 మీటర్లు. 1:160 ఎన్‌లో మీటరుంపావు. 1:220 జెడ్‌లో 91 సెంటీమీటర్లు. పదహారు పెట్టెల ఎన్700ఎస్ షింకాన్‌సెన్ అయితే 404.7 మీటర్లు. ఎన్‌లోనే రెండున్నర మీటర్లు దాటుతుంది, హెచ్‌ఓలో 4.65 మీటర్లు. ఇంత పొడవు రైలు నిలబడటానికి స్టేషను కావాలి, తిరగడానికి వంపులు కావాలి, రెండు వంపుల మధ్య కాస్త సాఫీగా పోవడానికి తిన్నని పట్టా కావాలి. రైలు పొడవుకి కనీసం రెండున్నర రెట్లు చుట్టుకొలత లేకపోతే ముక్కు తోకని తరుముతున్నట్టే ఉంటుంది.

ఉదాహరణకి ఎన్‌లో మామూలుగా దొరికే 282 మి.మీ. వ్యాసార్ధం వంపులతో పూర్తి వలయం వేస్తే దాని చుట్టుకొలత 1.77 మీటర్లు. ఎనిమిది పెట్టెల ఐసీఈ అందులో పది వంతుల్లో ఏడు వంతులు ఆక్రమించేస్తుంది. పదహారు పెట్టెల రైలు అసలు పట్టదు.

దీనికి ఒక చక్కని దారి ఉంది. నిజంగానే పొట్టిగా ఉండే రైలుని ఎంచుకోవడం. జపాన్‌లో ఈ6 ఏడు పెట్టెల షింకాన్‌సెన్, పెట్టెలు కూడా మామూలు షింకాన్‌సెన్ కన్నా చిన్నవి, రైలు మొత్తం 149 మీటర్లకు మించదు. ఎన్‌లో 93 సెంటీమీటర్లు. బ్రిటన్‌లో 2017లో పట్టాలెక్కిన క్లాస్ 800లో ఐదు పెట్టెల రకం ఉంది, 130 మీటర్లు. అంటే మీరేమీ కత్తిరించలేదు, రైలే అంత. చోటు తక్కువున్నవాళ్లు మొదట చూడాల్సింది ఇలాంటి రైళ్లనే.

క్లాస్ 800 ఇంకో విధంగా కూడా పనికొస్తుంది. ఒకే రైలుని రెండు స్కేళ్లలో పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. 1:76 ఓఓ స్కేలులో బ్రిటిష్ కంపెనీ హార్న్‌బీ చేసింది, 1:148 బ్రిటిష్ ఎన్‌లో జపాన్ కంపెనీ కాటో చేసింది. 26 మీటర్ల పెట్టె ఓఓలో 34 సెంటీమీటర్లు, ఎన్‌లో 17.6 సెంటీమీటర్లు. ఐదు పెట్టెలు కలిపి ఓఓలో 1.7 మీటర్లు, ఎన్‌లో 88 సెంటీమీటర్లు. మీ అలమర పొడవు మీటరే అయితే చర్చ అక్కడితో ముగిసినట్టే.

స్కేళ్లలో మెలికలు

హెచ్‌ఓ పట్టాల మధ్య వెడల్పు 16.5 మి.మీ. నిజం పట్టాల 1435 మి.మీ.ని 87తో భాగిస్తే సరిగ్గా అంతే వస్తుంది. ఎన్‌లో 9 మి.మీ., అదీ 1:160కి సరిపోతుంది. కానీ ఎన్ అని డబ్బా మీద రాసి ఉన్నంత మాత్రాన అన్నీ ఒకే కొలత అనుకోకండి. యూరప్, అమెరికా మోడళ్లు 1:160. బ్రిటిష్‌వి 1:148. జపాన్‌లో షింకాన్‌సెన్ 1:160, మామూలు రైళ్లు మాత్రం 1:150. ఎందుకంటే అక్కడి మామూలు రైళ్లు 1067 మి.మీ. సన్న పట్టాల మీద నడుస్తాయి, పెట్టెలు చిన్నవి. అన్నీ అదే 9 మి.మీ. పట్టా మీదే తిరుగుతాయి గనక వాటిని కాస్త పెద్దవి చేశారు. 1067ని 150తో భాగిస్తే 7.1 మి.మీ. రావాలి. అందుకే జపాన్ మామూలు ఎక్స్‌ప్రెస్ మోడల్‌ని ఎదురుగా చూస్తే కాళ్లు కాస్త ఎడంగా పెట్టి నిలబడ్డట్టు ఉంటుంది. షింకాన్‌సెన్‌లో ఆ ఇబ్బంది లేదు, ఎందుకంటే అది 1435 మీదే నడుస్తుంది. ఓఓలో దీనికి తలకిందులు. 1:76కి పట్టా దాదాపు 18.8 మి.మీ. ఉండాలి, కానీ హెచ్‌ఓ పట్టానే వాడతారు. రైలు వెడల్పుగా, పట్టా ఇరుకుగా కనిపిస్తుంది. పక్కనుంచి చూస్తే తెలియదు, ముక్కు ఎదుట వంగి చూస్తే తెలుస్తుంది.

టీటీ కొలత నాకు చాలా ఇష్టం. చేతికి హెచ్‌ఓ అంత నిండుగా ఉంటుంది, చోటు ఎన్‌కి దగ్గరగా తీసుకుంటుంది. జర్మనీ, మధ్య యూరప్ దేశాల్లో దీనికి పాత పునాది ఉంది, 2022లో హార్న్‌బీ కూడా 1:120లో దిగింది. అయితే హైస్పీడ్ రైళ్ల ఎంపిక హెచ్‌ఓ, ఎన్ అంత లేదు. మీకు కావలసిన రైలు టీటీలో ఉందో లేదో చూశాకే పట్టాలు కొనండి.

జెడ్‌ని జర్మన్ కంపెనీ మార్క్లిన్ 1972లో తెచ్చింది. 6.5 మి.మీ. పట్టా. అంత తేలికైన రైలుకి పట్టా మీద పిసరు దుమ్ము ఉన్నా కరెంటు అందదు. ఓపికగా పట్టాలు తుడుచుకునే మనిషికి ఇది అపురూపం, మిగతావాళ్లకి విసుగు. ఇంకా చిన్నది కావాలంటే 1:450 టీ గేజ్ ఉంది, పట్టా వెడల్పు 3 మి.మీ. అది చూసి ఆనందించడానికి బాగుంటుంది, పనితనం బేరీజు వేయడానికి అందులో పెద్దగా ఏమీ ఉండదు.

వంపులో తెలుస్తుంది

పొడవైన పెట్టె వంపు తిరిగేటప్పుడు నడుము లోపలికి జరుగుతుంది, కొనలు బయటికి పోతాయి. 26.4 మీటర్ల యూరప్ పెట్టెకి కింద రెండు చక్రాల చట్రాల నడుమ దూరం 19 మీటర్లు. హెచ్‌ఓలో అది 218 మి.మీ. 360 మి.మీ. వ్యాసార్ధం వంపులో ఆ పెట్టె నడుము పట్టా మధ్య గీత నుంచి దాదాపు 17 మి.మీ. లోపలికి జరుగుతుంది. అంటే పట్టాల వెడల్పు ఎంతో దాదాపు అంత. పెట్టె పట్టా మీద నడుస్తున్నట్టు ఉండదు, పక్కకి జారిపోయినట్టు ఉంటుంది. 437.5 వంపులో 13.8 మి.మీ., 600 వంపులో 10 మి.మీ. అదే పెట్టె ఎన్‌లో 282 వంపులో 6 మి.మీ. పైచిలుకు, 381 వంపులో నాలుగున్నర.

తయారీదారు డబ్బా మీద రాసే కనీస వ్యాసార్ధం పట్టా తప్పకుండా తిరగడానికి సరిపోయే కొలత. చూడముచ్చటగా తిరగడానికి అది చాలదు. రాసినదానికి ఒకటిన్నర రెట్లు ఉంటే బాగుంటుందని నా లెక్క. అంటే హెచ్‌ఓలో నిండు పొడవు పెట్టెలకి 600 మి.మీ.కి తగ్గకుండా, ఎన్‌లో 348 లేదా 381. హెచ్‌ఓలో అలా వేస్తే బల్ల వెడల్పే 1.3 మీటర్లు దాటుతుంది. ఎన్‌లో 90 సెంటీమీటర్లలో తేలిపోతుంది.

ఈ చిక్కుకి హెచ్‌ఓ తయారీదారులు కనిపెట్టిన ఉపాయం పెట్టెల పొడవు తగ్గించడం. వెడల్పు, ఎత్తు 1:87లోనే ఉంచి పొడవు మాత్రం 1:93.5 లేదా 1:100 లెక్కన చేస్తారు. అసలు 303 మి.మీ. ఉండాల్సిన పెట్టె 282 లేదా 264కి దిగుతుంది. 282 ఫర్వాలేదు, కన్ను త్వరగానే సర్దుకుంటుంది. 264 మాత్రం హైస్పీడ్ రైలుకి నప్పదు. ఇంజన్ లాగే పాత పెట్టెల్లో అది చెల్లిపోవచ్చు గానీ, పొడవాటి గీతలా సాగే రైలులో కిటికీల లయ చెడిపోతుంది. ఒక కిటికీ తగ్గించడమో, కిటికీలన్నిటినీ కుదించడమో చేస్తారు. నిజం రైలు ఫొటో పక్కన పెట్టి తలుపుకీ తలుపుకీ మధ్య కిటికీలు లెక్కపెట్టండి, విషయం తేలిపోతుంది.

టీజీవీ తీరే వేరు. దాని పెట్టెలు పక్కపక్క పెట్టెతో చక్రాల చట్రాన్ని పంచుకుంటాయి, ఒక్కో జోడు మధ్య దూరం 18.7 మీటర్లు. కొనలు చట్రం మీదే ఉంటాయి గనక వంపులో బయటికి పోవు, పెట్టెల మధ్య సందు విప్పారదు. ఒక పాము వంపు తిరిగినట్టు తిరుగుతుంది. వంపు అందం ఒక్కటే కొలమానమైతే టీజీవీ మోడల్ ముందు ఇంకేదీ నిలవదు. దీనికి ఇంకో ముఖం ఉంది. ఒక్క పెట్టెను విడిగా ఎత్తి పక్కన పెట్టలేరు. పట్టా తప్పితే మళ్లీ ఎక్కించడానికి రెండు చేతులూ, చాలా ఓపికా కావాలి. ప్రతిసారీ డబ్బాలోంచి తీసి, ఆడుకుని, మళ్లీ సర్దిపెట్టేవాళ్లకి ఐసీఈ, షింకాన్‌సెన్ సుఖం. శాశ్వతంగా బల్ల మీద ఉంచేవాళ్లకి టీజీవీ.

దగ్గరగా చూడండి

ముందు ముక్కు. ఈ5 షింకాన్‌సెన్ ముక్కు నిజంలో 15 మీటర్లు, ఎన్‌లో 94 మి.మీ. ఆ పెట్టెలో సగానికి పైగా ముక్కే. దాన్ని తిన్నగా వెలుతురులో చూడకండి. దీపాన్ని ఒక పక్కన కింద పెట్టి, మోడల్‌ని మెల్లగా తిప్పండి. మెరుపు గీత నుదుటి మీంచి కిందికి ఒకే ఊపున జారాలి. మధ్యలో ఎక్కడైనా విరిగినా, అలలా వంకరపోయినా అక్కడ అచ్చు రెండు ముక్కలు కలిసిందనో, ప్లాస్టిక్ చల్లారేటప్పుడు కుంగిందనో అర్థం. తర్వాత దాని రంగు. పైన ఆకుపచ్చ, కింద తెలుపు, నడుమ సన్నటి గులాబీ గీత. ఆ గీత తలుపు పల్లంలోకి దిగి మళ్లీ పైకి వచ్చేచోట భూతద్దం పెట్టండి. మంచి మోడల్‌లో అంచు తెగదు. తర్వాత రెండు పెట్టెలు తగిలించి, గీత ఒక పెట్టె నుంచి రెండో పెట్టెకి ఒకే ఎత్తులో దాటుతుందో లేదో చూడండి. పది పెట్టెల రైలులో తొమ్మిది చోట్ల ఈ పరీక్ష ఉంటుంది, ఎనిమిదింట నెగ్గి ఒక్కచోట ఓడినా కన్ను సూటిగా అక్కడికే పోతుంది.

పెట్టెల మధ్య సందు తర్వాతి మాట. ఎన్‌లో 5 మి.మీ. సందు అంటే నిజంలో 80 సెంటీమీటర్లు. హెచ్‌ఓలో అదే 5 మి.మీ. అంటే 43 సెంటీమీటర్లు. కాబట్టి చిన్న స్కేలులో సందు విషయంలో ఇంకా పట్టుదలగా ఉండాలి. మంచి మోడళ్లలో పెట్టెల్ని కలిపే కప్లింగ్ ఒక గాడిలో కదులుతుంది. తిన్నని పట్టా మీద పెట్టెలు దగ్గరికి వస్తాయి, వంపులో ఆ గాడే వాటిని కొద్దిగా దూరం జరుపుతుంది. ఇది ఉందా లేదా అని తప్పకుండా అడగండి. పాతరకం కొక్కెం కప్లింగ్ ఉన్న హైస్పీడ్ రైలు ఎంత బాగా రంగేసినా ముక్కలు ముక్కలుగానే కనిపిస్తుంది.

కిటికీ అద్దాలు గోడతో సమంగా ఉండాలి. లోపలికి పోయి ఉంటే గోడ మందం కనబడి బొమ్మలాగా తయారవుతుంది. పైతీగ నుంచి కరెంటు తీసుకునే ప్యాంటోగ్రాఫ్ సన్నగా ఉందో లేదో చూడటం మంచిదే గానీ, అది ఏ పెట్టె మీద ఉందో చూడటం ఇంకా ముఖ్యం. పదహారు పెట్టెల ఎన్700 షింకాన్‌సెన్‌లో అవి 5, 12 పెట్టెల మీద మాత్రమే ఉంటాయి. మీరు రైలుని కుదించక తప్పకపోతే కనీసం ప్యాంటోగ్రాఫ్ ఉన్న పెట్టెను వదలకండి. ఎన్700 నిజంలో వంపుల్లో ఒక డిగ్రీ ఒరుగుతుంది, కాటో ఎన్ మోడల్‌లో ఆ ఒరుగుడు కూడా పెట్టారు. నాకు అది పనితనానికి పరాకాష్ఠ. మీరు నేల మీద పట్టాలు పరిచి పైనుంచి చూసేవాళ్లైతే అది కనిపించనే కనిపించదు, దానికోసం ఎక్కువ పెట్టనక్కర్లేదు.

నడక

చాలామంది వేగంగా తోలి చూస్తారు. దానివల్ల తెలిసేది తక్కువ. గంటకి 320 కిలోమీటర్లు ఎన్ స్కేలులో సెకనుకి 56 సెంటీమీటర్లు, హెచ్‌ఓలో సెకనుకి మీటరు పైచిలుకు. ఏ మోటారైనా ఆ వేగం ఇస్తుంది. మీరు చూడాల్సింది కదిలే క్షణం. నాబ్ తిప్పుతుంటే రైలు ఎగిరి పడకుండా, నిద్రలోంచి లేచినట్టు నెమ్మదిగా కదలాలి. ఆపేటప్పుడు ఇంకో అర పెట్టె దూరం జారి ఆగాలి. లోపల ఫ్లైవీల్, అంటే మోటారుతో పాటు తిరిగే బరువైన చక్రం, ఉంటే అలా జారుతుంది. స్టేషన్లోకి వచ్చే రైలు అందమంతా ఆ జారుడులోనే ఉంది. అమ్మేవాళ్లు వీడియో పంపిస్తామంటే వేగంగా తిరిగేది వద్దు, ఆగి కదిలేది పంపమనండి.

ఇలాంటి రైళ్లలో మోటారు సాధారణంగా ఒక్క పెట్టెలోనే ఉంటుంది, చాలావాటిలో నడిమి పెట్టెలో. మిగతావన్నీ అది లాగుతుంది, నెడుతుంది. పొడవైన రైలు ఎక్కుడు పట్టా ఎక్కాలంటే ఆ ఒక్క మోటారు చాలుతుందా అని ముందే తెలుసుకోండి.

డిజిటల్‌గా నడపాలనుకునేవాళ్లు డీకోడర్ (డిజిటల్ ఆదేశాలు అందుకుని మోటారుని, దీపాలని నడిపే చిన్న సర్క్యూట్) ఎన్ని కావాలో లెక్క వేసుకోవాలి. కొన్ని రైళ్లలో కప్లింగుల గుండా కరెంటు పారుతుంది, రైలంతటికీ ఒక డీకోడర్ సరిపోతుంది. జపాన్ ఎన్ మోడళ్లలో ఎక్కువగా ఏ పెట్టె కరెంటు ఆ పెట్టెదే. మోటారుకి ఒకటి, రెండు కొనల దీపాలకి చెరొకటి, మూడు కావాలి. హెచ్‌ఓలో ఇంకో జాగ్రత్త. మార్క్లిన్ పద్ధతి పట్టాల నడుమ చిన్న బొడిపెల వరస ఉంటుంది, రైలు అడుగున లోహపు పట్టీ దాని మీద రాసుకుంటూ కరెంటు తీసుకుంటుంది. ఆ చక్రాలకి ఎడమ కుడి మధ్య కరెంటు అడ్డు ఉండదు. వాటిని మామూలు రెండు పట్టాల లైను మీద పెడితే షార్ట్ అవుతుంది. ఒకే మోడల్ రెండు రకాలుగానూ అమ్ముతారు, ఏది ఏదో ఆర్డరు నంబరుని బట్టి తెలుస్తుంది.

దీపాల్లో చూడాల్సింది రెండే. ముందు తెలుపు, వెనక ఎరుపు దిశతో పాటు మారాలి. చీకట్లో ముక్కు ప్లాస్టిక్ గుండా వెలుగు బయటికి కారకూడదు.

సెట్టుగా కొనేటప్పుడు

పొడవైన రైళ్లని చాలాసార్లు ముక్కలుగా అమ్ముతారు. ముందు నాలుగు పెట్టెల మూల సెట్టు, తర్వాత మిగతావి. మూల సెట్టు కొని, మిగతాది నెమ్మదిగా చూద్దామనుకోవడం ప్రమాదం. ఒక విడత చేసి ఆపేస్తే తర్వాత దొరకవు. ఇంకో విడతలో వచ్చినవి తెలుపులో తేడా చూపిస్తాయి. రెండూ ఒకేసారి తీసుకోలేకపోతే అసలు ఇంకా చిన్న రైలే చూసుకోండి.

వాడినవి కొనేవాళ్లు ముందు తెలుపు రంగునే చూడాలి. ఈ రైళ్లలో ఎక్కువభాగం తెల్లనివి, ఎండ తగిలిన పక్క పసుపు తిరుగుతుంది. రెండు పక్కలా ఫొటోలు అడగండి. చక్రాల మీద పూత అరిగి ఇత్తడి బయటపడితే చాలా తిరిగిన బండి. పట్టు కోసం చక్రానికి వేసే రబ్బరు చుట్టు గట్టిపడితే మార్చుకోవచ్చు, అది పెద్ద లోపం కాదు. అడుగు చట్రం జింకు పోతతో చేసినదై, అందులో సీసం లాంటి మలినం ఉంటే మాత్రం ఏళ్లు గడిచేకొద్దీ ఉబ్బి, చీలి, పైపెట్టెని కూడా బద్దలు చేస్తుంది. దానికి మందు లేదు. అడుగున సన్నని పగుళ్లు, నడుము దగ్గర ఉబ్బు కనిపిస్తే ఎంత చవకగా ఇచ్చినా వద్దనండి. ఆఖరుగా, పెట్టెల పక్కన అచ్చేసిన నంబర్లు వరసగా ఉన్నాయో లేదో ఒక్కొక్కటీ చదివించుకోండి. రెండు సెట్ల మిగులు పెట్టెలు కలిపి ఒక రైలని అమ్మడం మామూలే. వరస తప్పిన రైలులో ఒకే నంబరు రెండు పెట్టెల మీద కనిపిస్తుంది.